దవడలో దాగిన పన్ను

"తువ్వాలు విప్పు" అని డాక్టర్ శ్రీదేవి అన్న చోట పోయిన వారం మనం ఆగాం. మనోజ్ విప్పలేదు. ఈ వారం కూడా వాడంతట వాడు విప్పడు. వాళ్లమ్మ గంగక్క విప్పుతుంది. కన్నతల్లి కదా, కట్టింది కూడా ఆమే.

కథ మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ల కోసం నాలుగు ముక్కలు. పెనుకొండ అవతలి పల్లెలో తిప్పేస్వామి గొర్రెలు నరసింహ చెనక్కాయ చేలో పడ్డాయి. మాటా మాటా పెరిగింది. నరసింహ తల పగిలి చేలోనే ప్రాణం పోయింది. తిప్పేస్వామి చిన్న కొడుకు మనోజ్ పోలీసుల ముందుకు వెళ్లి "నేనే కొట్టినా" అన్నాడు. వాడికి పద్దెనిమిది నిండలేదని తిప్పేస్వామి వాదన. నిండాయని నరసింహ పెండ్లాం వెంకటక్క వాదన. మనోజూ తన కూతురూ ఒకే ఏడు పుట్టారని, తన కూతురికి ఓటు కూడా వచ్చిందని ఆమె గుండె బాదుకుని చెప్పింది. నిండకపోతే బాలల హోంలో కొన్నాళ్లు, ఆ తర్వాత ఇల్లు. నిండితే హత్య కేసు, పెద్ద జైలు, బయటికొచ్చేసరికి తల నెరిసినా నెరవచ్చు. తేలేదాకా వాణ్ని నాయన పూచీ మీద ఇంటికి పంపారు. అదే వాడి కొంప ముంచింది.

కాగితాలు చూసి తేల్చుకోవచ్చు కదా అంటారు. చూశారు. మొదటి బడిలో హెడ్మాస్టరు ఊళ్లో పిల్లలందరినీ జూన్ ఒకటో తేదీనే పుట్టించాడు. రెండో బడిలో హాస్టల్ సీటు కోసం తిప్పేస్వామే కొడుకు వయసు తగ్గించి రాయించాడు. రెండు బళ్లు, రెండు పుట్టుకలు. కన్నవాళ్లను అడిగితే "ఆ ఏడు వాన బాగా పడె" అంటారు. ఈ సీమలో వాన బాగా పడిన ఏడు ఏదో పట్టుకోవడం సులభమే కానీ, ఎవరికి వాళ్లు తమకు కావలసిన ఏడే వాన పడిందంటారు. అందుకని బాలల కేసులు చూసే బోర్డు వాళ్లు విసిగిపోయి, పళ్లు చూసి వయసు చెప్పమని హిందూపురం ఆసుపత్రికి రాశారు. ఆ రాత శ్రీదేవి టేబుల్ మీదికి వచ్చింది.

గంగక్క తువ్వాలు విప్పింది.

రెండు చెంపలూ ఉబ్బి, ఎడమ వైపు కన్ను సగం మూసుకుపోయింది. పెదవి చివర ఎండిన నెత్తురు. శ్రీదేవి లైటు కిందికి దించి "నోరు తెరువు బాబూ" అంది. వాడు తెరిచాడు, రెండు వేళ్లు పట్టేంత. అంతకంటే తెరుచుకోలేదు. ఆ కాస్త సందులోంచే వాసన గుప్పుమంది. కింది దవడలో అటూ ఇటూ, చివరి పన్ను ఉండాల్సిన చోట నల్లటి గుంటలు. కుడి వైపు గుంట అంచున ఎముక ముక్క తెల్లగా పొడుచుకొచ్చి ఉంది.

"ఏమైంది?" అంది శ్రీదేవి, వాడినే చూస్తూ.

వెనక నుంచి తిప్పేస్వామి అందుకున్నాడు.

"పుచ్చిపోయినాయి మేడం. నొప్పి నొప్పి అని ఒకటే ఏడుపు. పీకిచ్చేస్తిమి."

"రెండు వైపులా ఒకేసారి పుచ్చాయా?"

"పుచ్చేటివి మనకు చెప్పి పుచ్చుతాయా మేడం?"

ఆ మనిషికి జవాబులు జేబులో రెడీగా ఉంటాయి. బోర్డు ముందూ అంతే, పోలీసుల ముందూ అంతే. శ్రీదేవి మిగిలిన పళ్లను చిన్న అద్దంతో ఒక్కొక్కటే చూసింది. ఒక్క మచ్చ లేదు. వేప పుల్ల తప్ప మరేదీ ఎరగని నోరు అది. పట్నంలో పిల్లలకు లక్షణమైన పళ్లు ఎలా ఉంటాయో చూపించడానికి ఫోటో తీసి గోడకు పెట్టుకోవచ్చు. అలాంటి నోట్లో సరిగ్గా ఆ చివరి రెండే పుచ్చాయంటే నమ్మడానికి ఆమెకేం పిచ్చా?

"ఎక్కడ పీకించారు?"

"ధర్మవరంలో. స్టేషన్ తావ ఒకాయన ఉండాడు, కట్టుడు పండ్లు చేస్తాడు."

"మత్తు సూది వేశాడా?"

తిప్పేస్వామి గోడ మీది బొమ్మ వైపు చూశాడు. గంగక్క నిజం చెప్పేసింది, అది చెప్పకూడని మాట అని ఆమెకు తెలియక.

"ఏదో నూనె పూసినాడు మేడం. లవంగాల వాసన వచ్చె. బిడ్డ ఒకసారి సోయి తప్పినాడు. మంచిదే అయ్యె, రెండోది పీకేటప్పుడు తెలీలే."

శ్రీదేవి లైటు పక్కకు తిప్పింది. ఆమె పళ్ల డాక్టరు. రోజూ ఎన్నో పళ్లు పీకుతుంది. కానీ మత్తు లేకుండా, గట్టి ఎముకలో పాతుకుపోయిన దవడ పన్నును పట్టుకారుతో ఊపి ఊపి పెకలించడం అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకొకరికి తెలుసు. వాడు నోరు తెరుచుకుని కుర్చీలో పడి ఉన్నాడు.

ఆమె ఇంకేమీ అడగకుండా వాణ్ని ఎక్స్‌రేకు పంపింది. దవడ మొత్తం ఒకేసారి పడే పెద్ద ఎక్స్‌రే. వాడు గడ్డం ఆనించి నిలబడితే మిషను తల చుట్టూ తిరిగి వచ్చింది. అది తిరుగుతున్నంత సేపూ గంగక్క తలుపు అద్దానికి ముఖం ఆనించి "బయపడొద్దు నాయనా, అది పీకదు, ఊరికే సూస్తాది" అని చెబుతూనే ఉంది.

వరండాలో రోగుల మధ్య ఈ కేసు వాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఒకరు బోర్డు కాగితాలు తెచ్చిన కానిస్టేబుల్ అనిల్. డాక్టరు రాసిచ్చింది కవర్లో పెట్టుకుని పోవడమే అతని పని; బెంచీ మీద టీ తాగుతూ ఆ పని కోసం ఎదురుచూస్తున్నాడు. రెండో మనిషి తిప్పేస్వామి పెద్ద కొడుకు రమేష్. వీళ్లందరినీ ఊరి నుంచి జీపులో తీసుకొచ్చింది అతనే. ఇస్త్రీ చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టు. పోలీసు ఉద్యోగానికి పరుగులోనూ రాతలోనూ నెగ్గాడు, ఇక ఆర్డరు రావడమే తరువాయి. అందుకేనేమో అనిల్‌ను చూస్తే చాలు నిటారుగా నిలబడతాడు. ఆ ఇంట్లో అన్నం కుండ దించగానే మొదటి ముద్ద ఎవరిదో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

కంప్యూటర్ మీద బొమ్మ వచ్చింది. శ్రీదేవి చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత మనోజ్‌ను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి, తిప్పేస్వామినీ గంగక్కనూ లోపలికి పిలిచి తలుపు వేసింది.

"ఇప్పుడు నిజం చెప్పండి. ఎందుకు పీకించారు?"

"చెప్తిమి కద మేడం, పుచ్చి..."

"తిప్పేస్వామీ, పుచ్చు పళ్ల మీద బతికేదాన్ని నేను. నాకు చెప్పొద్దు."

తిప్పేస్వామి పెండ్లాం వైపు చూశాడు. అబద్ధం అయిపోయినప్పుడు ఆడదాన్ని ముందుకు తోయడం అతనికి అలవాటు. గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లాయరు ఆఫీసులో గోపాల్ అని గుమాస్తా ఉండాడు మేడం. ఆయప్ప చెప్పినాడు. డాక్టర్లు ఏమేమో సూడరంట. అన్నిటికంటే కడాకు వచ్చే పన్ను ఒకటి ఉంటాదంట, జ్ఞానదంతమో ఏమో. అది వచ్చింటే మేజరంట, రాకుంటే మైనరంట. అందుకే..."

"అందుకే రాలేదని చూపించడానికి పీకేశారు."

"బిడ్డ జైలుకు పోతాడు కద మేడం!" గంగక్క కొంగు వదిలేసింది. "కన్నపేగు ఊరుకుంటాదా? నేను కాళ్లు పట్టుకున్న్యా, వాళ్ల నాయన చేతులు పట్టుకునె..."

ఆమె 'పట్టుకున్నాను' అన్నది బతిమాలడం గురించి కాదని శ్రీదేవికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. కుర్చీలో కొడుకు కదలకుండా పట్టుకున్నారు. ప్రేమతోనే. ఈ లోకంలో ప్రేమతో చేసినన్ని పాపాలు పగతో కూడా ఎవరూ చేయరు.

"ఇటు రండి" అంది శ్రీదేవి. స్క్రీన్ మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇవి ఆ గుంటలు. మీరు పీకించింది ఇక్కడి పళ్లను. నోట్లో కనబడే వాటిలో చివరివి, అందుకే అవే అనుకున్నారు. కాదు. ఇవి పిల్లోడికి పన్నెండేళ్లప్పుడు వచ్చినవి. నువ్వూ నేనూ ముసలివాళ్లమయ్యేదాకా చెనక్కాయలు నమిలేది వీటితోనే."

తిప్పేస్వామికి అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం కూడా అతనికి చేతకాదు. బుర్ర ఊపాడు.

"జ్ఞానదంతం ఇదీ" ఆమె వేలు ఇంకా వెనక్కి, ఎముక లోపలికి జరిగింది. అక్కడ, చిగుళ్ల కింద, ఎవరికీ కనబడకుండా రెండు పళ్లు పడుకుని ఉన్నాయి. "ఇంకా బయటికే రాలేదు. వీటి జోలికి మీ ధర్మవరం ఆయన పోనేలేదు. పోవడానికి అతనికి ఇవి ఉన్నాయనే తెలియదు. మంచి పళ్లు రెండు ఊరికే పీకారు."

గంగక్క స్క్రీన్ దగ్గరికి వంగి చూసింది.

"పీకినవి పేడలో చుట్టి రేకుల మీదికి ఏస్తి మేడం" అంది నెమ్మదిగా. "పాల పండ్లు అట్లే కద ఏస్తాం. మళ్లా వస్తాయి కద?"

"రావు."

"ఒకటన్నా?"

"రావమ్మా. ఇంక ఈ జన్మలో రావు."

గంగక్క తలూపింది. ఆ తలూపడం చూసి శ్రీదేవికి ఆమె మీద జాలి కలిగింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే తిప్పేస్వామి అప్పటికే లెక్క తేల్చేసుకున్నాడు.

"అయితే ఇంగా లోపల ఉండాయి అంటారు."

"ఉన్నాయి."

"అయితే మీరే తీసేయండి మేడం. ఎట్లాగూ నోరు పుండై ఉండాది. ఇంగో రెండు రోజులు ఎక్కువ నొప్పి, అంతే కద."

శ్రీదేవి అతని వైపు తిరిగింది. గంగక్కకు కూడా ఆ మాట నచ్చింది. ఆమె ఆశగా ఒక అడుగు ముందుకేసి, "మీరైతే సూది ఏసి తీస్తారు కద మేడం? నొప్పి లేకుండా?" అంది. అక్కడికి కొడుకు మీద దయ చూపించినట్టే అనుకుంది పాపం.

"బయటికి గెంటిస్తా ఇద్దరినీ!" శ్రీదేవి కుర్చీ వెనక్కి తోసి లేచింది. "వాడు మీ కొడుకా, మీ గొర్రెనా? గొర్రెకైనా చెవిలో గుర్తు పెట్టేటప్పుడు తల నిమురుతారు కదప్పా! వినండి, ఇంకొక్కసారి వాడి నోటి మీద చేయి వేస్తే ముందు మీ మీద కేసు పెట్టిస్తాను."

తిప్పేస్వామి చేతులు జోడించాడు. అతని చేతులు ఎప్పుడు జోడించాలో అప్పుడు జోడవుతాయి, కళ్లు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి.

"సరే మేడం, తప్పయిపోయె. ఆ లోపల పండ్లు ఏం చెప్తాండాయో అదన్నా చెప్పండి. మైనరా, మేజరా?"

"చెనక్కాయ చెట్టు పెరికి కాయ వలిస్తే గింజ ముదిరిందో లేదో నువ్వు చెప్పగలవు కదా? విత్తనం ఏ తేదీన పడిందో చెప్పగలవా?"

"అదెట్ల చెప్తాం? ఒక వారం అటూ ఇటూ."

"నాదీ అంతే. ఈ పన్నుకు వేళ్లు దిగాయి. కానీ వాటి కొనలు ఇంకా మూసుకోలేదు. మూసుకుని ఉంటే పద్దెనిమిది దాటిందని ధైర్యంగా రాసేదాన్ని. సగం వేరు మాత్రమే దిగి ఉంటే చిన్నవాడని రాసేదాన్ని. ఇది మధ్యలో ఉంది. పదిహేడు కావచ్చు, పంతొమ్మిది కావచ్చు. ఉన్నదే రాస్తాను. అనుమానం ఉన్నప్పుడు మామూలుగా పిల్లవాడి వైపే మొగ్గుతారు."

తిప్పేస్వామి ముఖం వెలిగింది. "అదే సాలు మేడం! దేవత మీరు..."

"పూర్తిగా విను. మంచి పళ్లు రెండు ఈ మధ్యే పీకించారని కూడా రాస్తాను. రాయక తప్పదు. బోర్డు వాళ్లు అది చదివి ఏమనుకుంటారు? దాచడానికి ఏమీ లేనివాడు పళ్లెందుకు పీకించుకుంటాడు అనుకుంటారు. వెంకటక్క లాయరు దాన్నే పట్టుకుని ఊగుతాడు. ఊరికే ఉండుంటే వాడి పన్నే వాడికి సాక్ష్యం చెప్పేది. మీరు దాని నోరు నొక్కబోయి వాడి పీక నొక్కారు."

ఆ వెలుగు ఆరిపోవడం చూస్తూ శ్రీదేవికి కాస్త తృప్తి కలిగింది. కలగకూడదు, కానీ కలిగింది. "పీకింది మాత్రం రాయొద్దు మేడం" అని తిప్పేస్వామి టేబుల్ చుట్టూ వచ్చి కాళ్ల మీద పడబోయాడు. ఆమె గంట కొట్టి నర్సును పిలిచి ఇద్దరినీ వరండాలోకి పంపించేసింది.

మనోజ్ ఒక్కడే మిగిలాడు.

ఆమె సూది వేసి, పొడుచుకొచ్చిన ఎముక ముక్క తీసి, గుంటలు కడిగి దూది పెట్టింది. చీము కారిపోయాక వాడి ముఖంలో కాస్త మనిషి కళ వచ్చింది. నేరం ఒప్పుకున్నాక ఈ మూడు వారాల్లో ఎవరి ముందూ పెదవి విప్పనివాడు, దూది కరుచుకుని, మాట ముద్దగా వస్తుండగా అడిగాడు.

"మేడం, పద్దెనిమిది నిండినాయని రాయండి."

శ్రీదేవి చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది. "ఏమిటీ?"

"మేజరని రాసేయండి. మీ కాళ్లు మొక్కుతా."

"తెలిసే అడుగుతున్నావా? మేజరయితే నిన్ను పెద్ద జైలుకు పంపుతారు."

"మైనరు మాట సెల్లదంట కద. మైనరు తరపున నాయన చెప్పిందే మాటంట. మేజరయితే నా మాట నేనే చెప్పుకోవచ్చు." వాడు ఊపిరి తీసుకున్నాడు. "నేను నరసింహ మామను కొట్టలే మేడం. ఆ పొద్దు నేను లేపాక్షిలో ఉంటి. మా మామ ఆటో కడుగుతా ఉంటి. ఇంటికొచ్చేసరికి అమ్మ అన్న బట్టలు ఉతుకుతాంది. నీళ్లు ఎర్రగా పోతాండాయి."

"రమేషా?"

వాడు తలూపాడు.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"అమ్మ నా గడ్డం పట్టుకునింది. 'నువ్వు మైనరు, నీకేం కాదు నాయనా, పోయినట్ల పోయి వస్తావు. అన్నకు కేసు పడితే ఉద్యోగం పాయె, మన ఇల్లు పాయె' అనింది. ఎప్పుడూ నన్ను అట్ల బతిమాలింది లేదు. సరే అంటి." వాడు చెంప ఒత్తుకున్నాడు. "అన్నంటే నాకు పానం మేడం. నిజంగానే పోయొస్తా అనుకుంటి."

ఇలాంటివి ఈ ప్రాంతంలో కొత్త కాదు. నేరం పెద్దవాడిది, పూచీ చిన్నవాడిది. మీసం రాని కొడుకును ముందుకు తోసి, మీసం వచ్చిన కొడుకును వెనక్కి లాక్కోవడం తెలివి అనుకునే ఇళ్లు ఉన్నాయి. ఇంటి దీపాన్ని కాపాడుకోవడానికి ఇంకో దీపాన్ని ఆర్పేస్తారు. పైగా దానికి త్యాగం అని పేరు. త్యాగం చేసేది మాత్రం ఎప్పుడూ కుండ అడుగున మిగిలింది తినే కొడుకే.

"అప్పుడు సరే అన్నవాడివి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

మనోజ్ నోటి వైపు వేలు చూపించాడు. దూది నెత్తురుతో తడిసింది. ఆమె మార్చింది.

"పన్ను పీకేటప్పుడు నాయన చేతులు పట్టుకునె, అమ్మ కాళ్లు పట్టుకునె. తల పట్టుకునింది అన్న. నేను అరస్తాండా. అప్పుడు అన్నకు ఫోన్ వచ్చె. ఒక చెయ్యి నా నొసటి మీద అట్లే నొక్కిపెట్టి, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తుకునె. ఆర్డరు వచ్చినాక పార్టీ యాడ అని ఎవరో అడుగుతాండారు. అన్న నవ్వుతాండాడు మేడం. నేను కింద నుంచి సూస్తాండా. నా నోట్లో పట్టుకారు ఉండాది, మా అన్న నవ్వుతాండాడు."

శ్రీదేవి స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. ఏడుపు రాలేదు ఆమెకు. ఒళ్లు మండింది.

"మనోజ్, నువ్వు అడిగావని నేను పద్దెనిమిది రాయలేను. పన్ను చెప్పిందే రాస్తాను. కానీ ఒక మాట విను. మైనరు మాట చెల్లదని నీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారు. నీకు పదిహేడయినా పంతొమ్మిదయినా నిజం నువ్వే చెప్పొచ్చు. దానికి మీ నాయన అక్కర్లేదు, నీ పన్నూ అక్కర్లేదు."

వాడు నమ్మనట్టు చూశాడు. "నిజంగానా?"

"బయట కానిస్టేబుల్ ఉన్నాడు. నేను నీ పక్కనే నిలబడతాను."

మనోజ్ లేచాడు. ఆమె చేయి అందించినా పట్టుకోలేదు. తలుపు వాడే తీశాడు.

వరండాలో గంగక్క టిఫిన్ డబ్బా మూత తీసి ఉంచింది. పెరుగన్నం, మెత్తగా పిసికి, మింగేయడానికి వీలుగా. "రా నాయనా, రెండు ముద్దలు..." అంటూ లేచింది. వాడు ఆమెను దాటుకుని బెంచీ దాకా వెళ్లాడు.

"సార్, నేనొక మాట చెప్పల్ల."

అనిల్ టీ గ్లాసు పక్కన పెట్టి తలెత్తాడు. గోడకు ఆనుకున్న రమేష్ కూడా ఫోన్ లోంచి తలెత్తాడు. అన్నదమ్ముల చూపులు కలిశాయి. వాడేం చెప్పబోతున్నాడో రమేష్‌కు అర్థం కావడానికి ముందే గంగక్కకు అర్థమైంది. కన్నతల్లి కదా.

ఆమె డబ్బా వదిలేసి వచ్చి, వెనక నుంచి కొడుకు నోటిని అరచేత్తో మూసేసింది. గట్టిగా. ఉబ్బిన చెంప మీద వేళ్లు దిగిపోయేంత గట్టిగా.

"వాడికి జరం సార్. సూది మత్తు. ఏందేందో వాగుతాడు, పట్టిచ్చుకోవద్దండి. నోట్లో పుండు సార్, మాట్లాడకూడదు వాడు."

మనోజ్ గింజుకున్నాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి నెత్తురు ధారగా మోచేతి దాకా కారింది. "వదులు! వదలమ్మా వాణ్ని!" అని శ్రీదేవి ఆమె భుజం పట్టి లాగింది. గంగక్క వదల్లేదు. పొలం పనులు చేసి చేసి బండబారిన చేయి అది.

మనోజ్ కొరికాడు. మిగిలిన పళ్లతో, ఉన్న బలమంతా పెట్టి, తల్లి అరచేతిని కొరికాడు.

గంగక్క కేక పెట్టి చేయి లాక్కుంది.

"నేను సంపలే సార్! నరసింహ మామను సంపింది నేను కాదు! మా..."

"నేనే సార్!" గంగక్క వాడి కంటే పెద్దగా అరిచింది. వరండా అంతా తిరిగి చూసింది. "నేనే సంపినా! గొర్రెల కాడ నా మీదికి వచ్చె, రాయెత్తి ఏస్తి! నా బిడ్డలకు ఏమీ తెల్దు. పెద్దోడు ఆడ లేనే లేడు సార్. ఆడ లేనే లేడు!"

మనోజ్ కదలకుండా నిలబడిపోయాడు. దూది నోట్లోంచి జారి కింద పడింది. వాడు తల్లినే చూస్తున్నాడు. శ్రీదేవి ఆ చూపు తట్టుకోలేక ముఖం తిప్పుకుంది.

"అమ్మా," అన్నాడు వాడు. "ఈ మాట నన్ను స్టేషనుకు తోలుకపోయేటప్పుడు యాడ పాయె?"

గంగక్క నెత్తురు కారే చేతిని కొంగులో చుట్టుకుంటూ, ఏదో చాలా మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు సరే అంటివి కదరా."

అనిల్ లేచి నిలబడ్డాడు. కవరు తీసుకుని పోవాల్సిన పని ఇలా మెడకు చుట్టుకుంటుందని అతను అనుకోలేదు. తిప్పేస్వామి వైపు తిరిగాడు. "ఏమప్పా, నీ పెండ్లాం చెప్పేది నిజమేనా? ఆమేనా కొట్టింది?"

తిప్పేస్వామి పెద్ద కొడుకును చూశాడు. ఇస్త్రీ చొక్కా, పొట్టి జుట్టు, రాబోయే ఖాకీ. తర్వాత పెండ్లాన్ని చూశాడు. ఎంతోసేపు పట్టలేదు.

"అవును సార్. ఇదే."

గంగక్క మొగుడి వైపు తిరిగింది. తాను చెప్పిన మాటే అది. అయినా అతను అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఒక్కసారైనా 'కాదు సార్, దానికి మతి చెడింది' అంటాడని అనుకుంది కాబోలు. రమేష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు.

అనిల్ ఆ నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, చివరికి మనోజ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమబ్బా, ఇందాక నీ మాట సగంలో ఆగిపోయె. ఇప్పుడు నిన్నే అడుగుతాండా, ఎవరూ అడ్డం రారు. కొట్టింది మీ అమ్మనా? ఇంకెవరన్ననా?"

తల్లి వాడి వైపు చూసింది. ఆ పల్లెలో పుట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి, ఆ ఇంట్లో అందరి ప్రాణాలూ చిన్న కొడుకు నోట్లో ఉన్నాయి.

మనోజ్ నోట్లో ఊరిన నెత్తురు మింగి, నోరు తెరిచాడు.